రిజర్వాయరుకు ఒక్కటే ఇంటిపేరు

మా రిజర్వాయరులో ఈదే ప్రతి వాలుగ చేపా మా బావమరిదికి మనవడో మనవరాలో అవుతుంది. నలుగురిలో ఈ మాట అన్నప్పుడల్లా మా ఆవిడ నా మోచేయి గిల్లుతుంది కాబట్టి కొంచెం వెనక్కి తీసుకుంటాను. రక్తసంబంధం లేదు. వాడికి పొలుసులు లేవు. నిజానికి వాలుగకూ ఉండవు. మూతికి రెండు వైపులా జారిన పొడుగాటి మీసాలు మాత్రం ఇద్దరికీ ఉన్నాయి, అది దేవుడి సరదా. ఇక 'ప్రతి చేపా' అనడం కూడా తప్పేనట. పట్టి చూసినవి నూట నలభై మూడు, ఆ నూట నలభై మూడూ అని మాత్రమే అనాలట. మిగిలినవి ఎవరూ చూడలేదు కదా అంటుంది చేపల వంశాలు తేల్చడానికి వచ్చిన ల్యాబు అమ్మాయి. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్ స్కేలుతో నా వేళ్ళ మీద కొట్టి అబద్ధం మాన్పించాలని చూసింది. ఈ అమ్మాయి స్కేలు లేకుండానే ఆ పని చేసింది.

మా బావమరిది అంటే మా ఆవిడ తమ్ముడు. డ్యాము కింద ఉన్న చేపపిల్లల కేంద్రంలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేశాడు. రేకుల షెడ్డు, అందులో పన్నెండు సిమెంటు తొట్లు, మూలన పగలంతా రొద పెట్టే పంపు. ఆ రొదలో మాట్లాడీ మాట్లాడీ ఇంట్లో ఉప్పు అందుకోమన్నా ఊరంతా వినిపించేలా అడిగేవాడు. ఆడచేపల పొట్ట నొక్కి గుడ్లు తీసేది వాడే కాబట్టి ఆ ఊరివాళ్ళు వాడికి మంత్రసాని అని పేరు పెట్టారు. మొదట్లో ఉడుక్కున్నాడు. తర్వాత ఫోనెత్తి తనే 'మంత్రసానినండీ, చెప్పండి' అనడం మొదలుపెట్టాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకురా అంటే తీరిక లేదనేవాడు. మా ఇంటి వెనక గదిలో వాడు, వరండాలో వాడి సైకిలు, దండెం మీద ఎప్పుడూ ఆరని వాడి చొక్కాలు. ఆ చొక్కాల పక్కన తన చీర ఆరేసిన పాపానికి మా ఆవిడను బస్సులో పిల్లులు చూసి పలకరించేవి. బస్సులో పిల్లులు ఉండవన్నది నిజమే, దాన్ని కూడా వెనక్కి తీసుకుంటాను.

వాలుగ సంగతి తెలియనివాళ్ళకు ఒక్క మాట. నోరు కళ్ళ వెనకదాకా చీలి ఉంటుంది. ఎదురొచ్చిన చేపనల్లా మింగుతుంది. ముల్లు తక్కువ, కండ ఎక్కువ, అందుకే మార్కెట్లో అందరికీ అదే కావాలి. డ్యాము కట్టిన కొత్తలో మనిషంత వాలుగలు పడేవట. నేను చెప్పేటప్పుడు ఇద్దరు మనుషులంత అంటాను. అప్పట్లో నలభై పడవలు ఉండేవి. అవి నాలుగు వందలయ్యాయి. వలల కళ్ళు ఏటేటా చిన్నవయ్యాయి. చేపలు మనిషంత నుంచి చెయ్యంత, చెయ్యంత నుంచి జానెడు అయ్యాయి. తర్వాత ఒక ఏడాది పడటమే మానేశాయి.

అప్పుడు ఆఫీసరు మా వాణ్ణి పిలిచి వాలుగ పిల్లల్ని పెంచి రిజర్వాయరులో వదలమన్నాడు. అక్కడ అంతకు ముందు ఎవరూ వాలుగను తొట్టిలో పిల్లలు పెట్టించలేదు. చేపలవాళ్ళు వెతికి వెతికి ఐదు పెద్ద వాలుగలు డ్రమ్ముల్లో తెచ్చిచ్చారు. మూడు ఆడవి, రెండు మగవి. ఒక ఆడది దారిలోనే చచ్చింది. రెండోది మందు సూది వేసినా గుడ్డు విడవలేదు, పైగా మా వాడి బొటనవేలు పట్టుకుంది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. మూడోది మాత్రం వాడి చేతుల్లోకి రాగానే తువ్వాల్లో చుట్టిన పసిపిల్లలా పడుకుంది. కొట్టుకోలేదు, కొరకలేదు. పొట్ట మీద వేలితో రాస్తే గుడ్లు ధారగా పడ్డాయి. మగచేప నుంచి వీర్యం తీయాలంటే దాన్ని కోయక తప్పదు. కోశాడు. పళ్ళెంలో రెంటినీ కోడి ఈకతో కలిపాడు. మర్నాటికి తొట్టి నిండా కనుపాపలంత పిల్లలు.

ఆ చేపకు 'అత్తగారు' అని పేరు పెట్టింది నేను. పెద్ద నోరు, ఎదురుపడ్డవాళ్ళను మింగే స్వభావం, ఏళ్ళు గడిచేకొద్దీ బలం. నా అత్తగారంటే మా వాడికి కన్నతల్లి కాబట్టి మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు అన్నం తింటూ వాడే, "అత్తగారు ఇవాళ మేత ముట్టలేదు బావా" అన్నాడు.

పిల్లల్ని పుట్టించడం ఒక ఎత్తు, కాపాడటం ఒక ఎత్తు. వాలుగ పిల్లలు మూడో రోజు నుంచే ఒకదాన్నొకటి తింటాయి. ఒకదాని తోక ఇంకొకదాని నోట్లో ఉంటుంది, ఆ రెండోదాని తోక మూడోదాని నోట్లో. అందుకని మా వాడు పొద్దున్నుంచి సాయంత్రందాకా తెల్లటి పళ్ళెం ముందు కూర్చుని చెంచాతో చిన్నవీ పెద్దవీ వేరు చేసేవాడు. వాటికి వేళకు మేత వేయడం కోసం తన వేళకు తినడం మానేశాడు. మొదటి ఏడాది వదిలిన పిల్లలు రెండేళ్ళలో చెయ్యంత అయ్యి వలల్లో పడ్డాయి. చేపలవాళ్ళు వాణ్ణి భుజాల మీద ఎత్తుకున్నారు. ఆఫీసరు వాడి రిజిస్టరును ఇంకో రెండు జిల్లాల వాళ్ళకు చూపించాడు. ఆ కేంద్రాలవాళ్ళు వచ్చి అత్తగారి పిల్లల్నే ఆక్సిజన్ సంచుల్లో పట్టుకుపోయారు. ఆ సంచులకు మా వాడు ముడి వేస్తుంటే చూడాలి. కూతుర్ని సాగనంపుతున్నట్టే ఉండేది.

ఆ రోజుల్లోనే చేపలవాళ్ళు అప్పుడప్పుడు రిజర్వాయరులో దొరికిన పాత పెద్ద ఆడవాలుగల్ని ప్రాణాలతో తెచ్చి, వీటితోనూ పిల్లలు పెట్టించమనేవారు. మా వాడు ఒకటి రెండు సార్లు చూశాడు. అవి కరిచేవి, సగం గుడ్లు పాడయ్యేవి. పై ఆఫీసుకు లెక్క చెప్పాల్సింది పిల్లల సంఖ్య. అత్తగారు ఒక్కతే ఆ సంఖ్య ఇస్తుంటే ఈ గొడవ ఎందుకని, వద్దని తిప్పి పంపేవాడు. మగచేపలు కావలసినప్పుడు అత్తగారి కొడుకుల్నే కోసేవాడు, అవి చేతికి దగ్గరగా ఉండేవి కాబట్టి. అత్తగారు పోయాక ఆమె కూతురు ఆ తొట్టిలోకి వచ్చింది. అదీ అంతే శాంతం. ఆ పని చేసేవాళ్ళెవరైనా అలాగే చేసేవారు. మంచి విత్తనం చేతిలో ఉండగా చెడ్డది ఎవరు నాటుతారు?

తొమ్మిదేళ్ళ కిందట ఒక సంగతి నా కంటపడింది. వాడికి అన్నం కారియరు ఇవ్వడానికి వెళ్ళాను. పళ్ళెం పక్కన ఒక నీలం మగ్గు ఉంది. మా వాడు కొన్ని పిల్లల్ని అందులో వేస్తున్నాడు. వెన్ను మెలికపడి, తమ చుట్టూ తామే తిరుగుతున్నాయి. ఏమిట్రా అంటే నీళ్ళ దోషం అన్నాడు. లెక్కపెట్టడానికి ముందు ఆ మగ్గును కాలవలో ఒంపేశాడు. ఆ ఏడాది పంపు జల్లెడ మార్చాడు. పై ఏడాది మేత మార్చాడు. మగ్గు మాత్రం ఏటేటా ఇంకొంచెం నిండేది.

ల్యాబు అమ్మాయి వచ్చింది రెండేళ్ళ కిందట. యూనివర్సిటీలో చేపల వంశాల మీద పరిశోధన. భుజాన ఒక సంచి, అందులో చిటికెన వేలంత ప్లాస్టిక్ గొట్టాలు, కొంచెం స్పిరిట్, ఒక బుల్లి కత్తెర. ప్రతి చేప రెక్క అంచు గోరంత కత్తిరించి గొట్టంలో వేసేది. కేంద్రంలోని చేపల్ని మా వాడే పట్టుకున్నాడు. రేవుల్లో వలల నుంచి దిగినవాటిని నాలుగు మూలలా తిరిగి తనే సేకరించింది. అంతటితో ఆగలేదు. ఒడ్డున దవడల తాత అని ఒక ముసలి చేపలాయన ఉన్నాడు. తను పట్టిన పెద్ద వాలుగల దవడలన్నీ షెడ్డు దూలానికి వేలాడదీసుకోవడం ఆయనకు అలవాటు. తొమ్మిది దవడలు ఉన్నాయి. ఈ అమ్మాయి వాటికి సన్నటి రంధ్రం పెట్టి చిటికెడు పొడి తీసుకుపోయింది.

ఫలితం వచ్చిన రోజు నేను కేంద్రంలోనే ఉన్నాను. ఆ అమ్మాయి తొట్టి గట్టు మీద కాగితం పరిచింది. మనకు ఇంటిపేరు తండ్రి నుంచి వచ్చినట్టు, చేపలకు తల్లి నుంచి మాత్రమే వచ్చే ఒక గుర్తు ఉంటుందని, దాన్నే ఇంటిపేరు అనుకోమని చెప్పింది.

"మరి మా చేపలకు ఎన్ని ఇంటిపేర్లు తేలాయమ్మా?" అన్నాడు మా వాడు.

"ఒక్కటే అంకుల్. నూట నలభై మూడింటికీ ఒక్కటే."

మా వాడి మొహం ఎలా వెలిగిందంటే, తోబుట్టువైన మా ఆవిడ కూడా వాడు అలా నవ్వగా చూసి ఉండదు. "విన్నావా బావా," అన్నాడు, "మొత్తం రిజర్వాయరు అత్తగారిదే." పరిగెత్తి టీ తెచ్చాడు. నేను కూడా భుజం తట్టాను. ఆ సంతోషంలో ఆ అమ్మాయి టీ గ్లాసు గట్టు మీద అలాగే పెట్టిందని ఇద్దరం చూడలేదు.

"అంకుల్, ఇది మంచి వార్త కాదు," అంది.

తర్వాత మెల్లగా చెప్పింది. తల్లి గుర్తే కాదు, తల్లిదండ్రులిద్దరి నుంచి వచ్చే మిగతా గుర్తులు కూడా కలిసిపోయాయి. చూడటానికి వేల చేపలు, వంశం లెక్కకు మాత్రం మూడో నాలుగో చేపలు ఉన్నట్టే. ఒకదాన్ని చంపే జబ్బు వస్తే తట్టుకునే వేరే రకం ఒక్కటీ ఉండదు, అన్నింటినీ ఒకేసారి చంపుతుంది. ఆ జబ్బు రాకపోయినా లోపల లోపల బలహీనపడుతూనే ఉంటాయి. పాత దవడల్లో మాత్రం ఆరు ఇంటిపేర్లు దొరికాయి. అందులో ఐదు ఇప్పుడు పట్టి చూసినవాటిలో ఒక్కదానికీ లేవు.

"వెన్ను వంకర పిల్లలు పుడుతున్నాయా?" అని అడిగింది.

"లేదమ్మా," అన్నాడు మా వాడు. నీలం మగ్గు వాడి కాలి పక్కనే ఉంది. కాలితో దాన్ని తొట్టి వెనక్కి తోశాడు.

ఆ సాయంత్రం ఇద్దరం దవడల తాత షెడ్డుకు వెళ్ళాం. తాత వల అల్లుకుంటూ తలెత్తలేదు. మా వాడు దూలం కింద నిలబడి ఒక్కొక్క దవడనూ అడిగాడు, ఇదెప్పటిది, ఎక్కడిది అని. తాతకు అన్నీ గుర్తే. ఇది డ్యాము గోడ దగ్గర పడింది, ఇది వరద ఏడాది. కుడివైపు చివర మూడు మిగిలాయి. వాటి దగ్గరికి వచ్చేసరికి తాత వల పక్కన పెట్టి తలెత్తాడు.

"ఏమయ్యా మంత్రసానీ, గుర్తులేదా?" అన్నాడు. "వాటిని నీ దగ్గరికే డ్రమ్ములో తెచ్చాను, ప్రాణాలతో. కరుస్తాయి, వద్దన్నావు. అక్కణ్ణుంచి నేరుగా మార్కెట్టుకు పోయాయి."

మా వాడు చెయ్యెత్తి ఆ మూడు దవడల్ని తాకాడు. పళ్ళు ఇంకా వాడిగానే ఉన్నాయి. దారి పొడుగునా సైకిలు నడిపించుకుంటూ వచ్చాడే గాని ఎక్కలేదు.

ఇక వాడికి ఒకటే పట్టుకుంది. ఇంకో ఇంటిపేరున్న ఆడవాలుగ ఒక్కటి దొరకాలి. ఒక్కటి దొరికినా మళ్ళీ మొదలుపెట్టవచ్చని ల్యాబు అమ్మాయి అంది. దొరికితే ఆ రిజర్వాయరుకు వాడు చేసింది మేలని చెప్పుకోవచ్చు. దొరకకపోతే ముప్ఫై ఏళ్ళ పనికి వేరే పేరు పెట్టుకోవాలి. మాతో ఆ మాట అనలేదు, అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయేవాడు, అంతే. రిజర్వాయరు పైన, నది రాళ్ళ మధ్య నుంచి దిగే చోట ఒక లోతు మడుగు ఉందని, అక్కడికి పడవలు వెళ్ళవని, పాత వాలుగలు ఉంటే అక్కడే ఉండాలని తాత చెప్పాడు. మా వాడు తలూపాడు గాని, అంతకు ముందు లేని ఒక నలుపు మొహంలోకి వచ్చింది. మోకాళ్ళ నొప్పి అనుకున్నాను.

ముగ్గురం వెళ్ళాం. బస్సు దిగి రెండు గంటలు రాళ్ళ మీద నడక. నేను దారిలో నాలుగు చోట్ల చచ్చాను, మూడు చోట్ల మాత్రమే అని తాత అంటాడు. మూడు రోజులు గాలాలు వేశాం. రెండో రోజు బండ మీద కూర్చుని తింటుండగా మా వాడు ఆ నలుపు సంగతి బయటపెట్టాడు.

"బావా, పద్దెనిమిదేళ్ళ కిందట ఒక ఏడాది పిల్లలు ఎక్కువయ్యాయి. తొట్లు చాలలేదు. చంపడానికి మనసొప్పక రెండు క్యాన్లు రాళ్ళదాకా సైకిలు మీద, అక్కణ్ణుంచి భుజాన మోసుకుని ఇక్కడికి తెచ్చాను."

"ఈ మడుగులో వదిలావా?"

"వదిలాను." చేతిలో ముద్ద పక్కన పెట్టి అన్నాడు. "బతికి ఉండవులే. ఈ రాళ్ళలో, ఈ వేగంలో అంత చిన్న పిల్లలు బతకవు. నువ్వే చెప్పు, బతుకుతాయా?"

పిల్లల్ని బతికించడం తప్ప ఇంకేమీ తెలియని మనిషి, అవి చచ్చిపోయి ఉండాలని కోరుకోవడం నేను అప్పుడే విన్నాను. నా నోట్లో ఎప్పుడూ రెండు అబద్ధాలు సిద్ధంగా ఉంటాయి. ఆ రోజు ఒక్కటీ రాలేదు.

మూడో రోజు మధ్యాహ్నం తాత గాలానికి పడింది. మా వాడి నడుము ఎత్తు ఉంది, ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు. ఆడచేప. వీపు మీద పాత గాయాలు. నీళ్ళలో ఉన్నంతసేపూ తాతను రాళ్ళ మీద ఈడ్చింది. తాత అరిచాడు, ఇది పాతదే, ఇంత కసి మన తొట్టి చేపలకు ఎక్కడిది అని. మా వాడు మోకాళ్ళలోతు నీళ్ళలోకి దిగి రెండు చేతులూ దాని పొట్ట కింద పెట్టి పైకెత్తాడు.

చేప కొట్టుకోవడం ఆపేసింది. వాడి చేతుల్లో తువ్వాల్లో చుట్టిన పసిపిల్లలా పడుకుంది.

తాత ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. మా వాడు నావైపు చూశాడు. ల్యాబు అక్కర్లేకుండానే ఇద్దరికీ తెలిసిపోయింది. అయినా రెక్క అంచు కత్తిరించి గొట్టంలో వేశాడు. చేపను నీళ్ళలోకి వదిలేశాడు. నెలన్నర తర్వాత ల్యాబు అమ్మాయి ఫోన్ చేసి, "సారీ అంకుల్," అంది. మిగతాది వాడు వినలేదు. వేరే నదుల వాలుగల సంగతి నేను అడిగాను. పక్క జిల్లాల్లో రెండు నదుల్లో పట్టి చూశారట. అక్కడా అదే ఇంటిపేరు. ఆక్సిజన్ సంచుల్లో వెళ్ళిన కూతుళ్ళు బాగానే కాపురం చేశారు.

ఈ ఏడాది వాడి రిటైర్మెంటు. గుడ్ల కాలం వచ్చింది. పిల్లల్ని వదలొద్దని, దూరం నుంచి వేరే వంశం చేపలు తెప్పించేదాకా ఆగమని ల్యాబు అమ్మాయి ఉత్తరం రాసింది. ఆఫీసరు ఆ ఉత్తరం చదివి, తెప్పించడానికి అనుమతులు ఎన్నేళ్ళు పడతాయో తనకే తెలియదని, ఈ ఏటి సంఖ్య మాత్రం ఈ ఏడే కావాలని అన్నాడు. చేపలవాళ్ళు గేటు దగ్గరికి వచ్చి కూర్చున్నారు. వదలకపోతే నాలుగు వందల పడవలు రెండేళ్ళలో అడుగు ఊడ్చేస్తాయి. వదిలితే ఇంకో ఏడాది అవే, అదే రక్తం, ఇంకొంచెం పలచబడి. మా వాడు తొట్టి గట్టు మీద ఒక పగలంతా కూర్చున్నాడు. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే, "ఎటు చేసినా ఒకటే బావా," అన్నాడు. పంపు రొదలో కూడా మెల్లగానే అన్నాడు.

సూది వేశాడు. గుడ్లు తీశాడు. ఈకతో కలిపాడు. పిల్లలు పుట్టాక పళ్ళెం ముందు కూర్చుని వేరు చేశాడు. ఈసారి నీలం మగ్గు మూడు సార్లు నిండింది. దాన్ని కాలవలో ఒంపలేదు. ఒక్కొక్కటే లెక్కపెట్టి, తొమ్మిదేళ్ళలో మొదటిసారి రిజిస్టరులో రాశాడు: వెన్ను వంకరవి, నాలుగు వేల రెండు వందల పదహారు. ఆఫీసరు అది చూసి, దీనికి గడి లేదని చెప్పి ఎర్ర సిరాతో కొట్టేశాడు.

వదిలే రోజు పొద్దున్న రేవులో పిల్లల్ని నీళ్ళలోకి ఒంపుతుంటే, నూరు బారల దూరంలో చిన్న కళ్ళ వలలతో పడవలు వరస కట్టి ఉన్నాయి. మా వాడు ఆఖరి డ్రమ్ము కడిగి బోర్లించి వచ్చేశాడు.

ఇదంతా రాసి నిన్న వాడికి చదివి వినిపించాను. వరండాలో సైకిలు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, బొటనవేలి మీద మచ్చ రుద్దుకుంటూ చివరిదాకా విన్నాడు. తర్వాత లేచాడు.

"అన్నీ కోతలే. ఏ చేపకూ ఎవరూ పేరు పెట్టలేదు. తాత తెచ్చిన ఏ వాలుగనూ వద్దనలేదు. వంకర పిల్లలు మా కేంద్రంలో ఎప్పుడూ పుట్టలేదు. రిజర్వాయరులో చేపలు రకరకాలవి ఉన్నాయి, బాగానే ఉన్నాయి. ఆ మడుగు ఎక్కడుందో నాకు తెలియదు. అసలు నాకు సైకిలు తొక్కడమే రాదు."